కూర్మారావు ఆన్ కాలేదు

ఆ సోమవారం పొద్దున సుగుణ లేచేసరికి భర్త కూర్మారావు పక్కమీద పాత లాప్‌టాప్‌గా మారి ఉన్నాడు. అందులో వింతేమీ లేదు. విజయనగరంలో వాళ్ళ వీధిలోనే అప్పటికి ఇద్దరు గుమాస్తాలు అలా మారి, భార్యలు భుజాన వేసుకెళ్తే ఉద్యోగాలు చక్కగా చేసుకుంటున్నారు. చిక్కల్లా కూర్మారావు ఆన్ కాకపోవడమే. బటన్ నొక్కితే ఫ్యాను కాసేపు రొప్పి, నల్లటి తెరమీద ఏదో లోపమని చూపించి ఆరిపోతున్నాడు.

కూర్మారావు పనిచేసే మునిసిపల్ ఆఫీసు నిబంధన ఒకటుంది. మధ్యాహ్నంలోగా వెలిగి హాజరు వేసుకోని ఉద్యోగిని తుక్కు కింద వేలానికి పంపిస్తారు. సుగుణ భర్తను తువ్వాల్లో చుట్టుకుని కోట దగ్గరున్న ఎర్నాయుడి రిపేరు షాపుకి పరుగెత్తింది.

ఎర్నాయుడు కూర్మారావు వీపు విప్పి, మెమరీ కార్డులు రెండూ తీసి, పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టాడు. లాభం లేకపోయింది. ఒక్కొక్కటే పెట్టి చూశాడు.

"కార్డులు బాగానే ఉన్నాయమ్మా. రెండూ కలిపితేనే లెగడం నేదు. వయసైపోనాది గదా, మొయ్యలేకపోతన్నాడు. ఏదో ఒకటే ఉంచాల."

"ఏది దేనిది బాబూ?"

"ఒకటి ఆఫీసుది. ఇంకోటి ఇంటిది."

ముందు ఇంటిది పెట్టమంది. తెర వెలిగింది. 'సుగుణా, చెవి పోటు తగ్గిందా?' అని అక్షరాలు వచ్చాయి. వారం రోజులుగా ఆమె చెవి పట్టుకుని తిరుగుతుంటే మనిషి ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. లోపల మాత్రం అడుగుతూనే ఉన్నాడన్నమాట. సుగుణకు దుఃఖం ఆగలేదు. షాపులో అందరి ముందూ ఏడ్చింది.

"హాజరుకి పాస్‌వర్డు ఈ కార్డులో నేదమ్మా," అన్నాడు ఎర్నాయుడు, ఆమె వైపు చూడకుండా.

సుగుణ గోడ గడియారం చూసింది. మనిషంటూ దక్కితే చాలనుకుంది. "ఆఫీసుదే పెట్టు," అంది. ఇంకోసారి విప్పితే అసలుకే లెగడని చెప్పి, తీసేసిన కార్డును ఎర్నాయుడు కాగితంలో చుట్టి ఇచ్చాడు.

హాజరు పడింది. పై అధికారి కూడా కూర్మారావు ఇదివరకటికంటే చురుగ్గా ఉన్నాడని మెచ్చుకున్నాడు.

సాయంత్రం ఇంటికి తెచ్చి, బల్లమీద పెట్టి మూత తెరిచింది.

'మీ పనేమిటో చెప్పండి.'

"పనేం లేదండీ. ఊరికే."

'ఊరికే రాకూడదు. రేపు రండి.'

 ఎంత వెతుక్కున్నా సుగుణకు ఆశ్చర్యం కలగలేదు. ఈ మాటలు ఈ ఇంట్లో ఏళ్ళ తరబడి విన్నవే.

కాలేజీ నుంచి వచ్చిన కూతురు హైమ చెప్పులు విప్పుతూ అడిగింది. "నాన్న బాగయ్యారా అమ్మా?"

సుగుణ లాప్‌టాప్ మూత వేసింది. అబద్ధమాడటం ఆమెకు చేతకాదు.

"ఎప్పటిలాగే ఉన్నారు," అంది.

హైమ నమ్మింది.