షిఫ్టులో ఎన్నిసార్లు టీ తాగారు?

పాఠక మహాశయులారా, మనిషి మంచివాడో కాదో తేల్చడానికి ఇకమీదట పెద్దమనుషులు అక్కర్లేదు. ఇరుగుపొరుగు సాక్ష్యాలు అక్కర్లేదు. ఎక్సెల్‌లో ఒక్క ఫార్ములా చాలు!

నవ్వుతున్నారా? నవ్వండి. మా వ్యాగన్ డిపోలో కూడా మొదట అందరూ నవ్వారు. అరల్ సముద్రం వైపు పోయే రైలు దారిలో, చుట్టూ గడ్డీ గాలీ తప్ప మరేమీ లేని చోట మా డిపో ఉంది. నవ్వుకోవడం తప్ప మాకు వేరే వినోదం లేదు. ఇప్పుడొచ్చి చూడండి, ఒక్కడు నవ్వితే ఒట్టు! ఫార్ములా సాధించిన మొదటి విజయం అదే.

నా పేరు తుర్సిన్‌బెక్. డిపోలో హాజరు గది నాది. ఎవడు ఎప్పుడొచ్చాడు, ఎప్పుడు పోయాడు, మధ్యలో ఎక్కడ నక్కాడు అన్నది నా శాఖ. ఒకరోజు మా డైరెక్టర్ కైరొల్లా గారు అల్మాటీ నగరంలో ఏదో శిక్షణ ముగించుకుని, కోటైనా విప్పకుండా నా గదిలోకి దూసుకొచ్చారు.

"తుర్సిన్‌బెక్! మన డిపోకి పట్టిన జబ్బేంటో తెలిసిపోయిందయ్యా!"

"ఏంటండీ?"

"టీ!"

మా దేశంలో టీ లేకుండా బిడ్డ పుట్టదు, శవం లేవదు. పిల్లనివ్వాలన్నా టీయే, విడాకులివ్వాలన్నా టీయే. అలాంటిదాన్ని జబ్బంటాడేమిటి ఈయన! కానీ డైరెక్టర్ చెప్పాక నాకూ నిజమే అనిపించింది. డైరెక్టర్లు చెప్పినవన్నీ నాకు వెంటనే నిజమే అనిపిస్తాయి. అది నాకు పుట్టుకతో వచ్చిన గుణం.

వారం తిరక్కుండా క్యాంటీన్లో టీకి నీళ్ళు కాచే పాత సమోవార్ పోయి, గోడకు ఒక యంత్రం వచ్చింది. దాని కొళాయి ఊరికే వేడినీళ్ళు వదలదు. ఎవరి టీ గిన్నెలో పోయాలో వాళ్ళ గుర్తింపు కార్డు తాకించాలి. తాకించగానే ఫలానా మనిషి, ఫలానా సమయం అని కంప్యూటర్‌కి చేరవేస్తుంది. టీ పోసే బల్జాన్ ఆపా ముందు అందరి కార్డులూ వరసగా పేర్చి పెట్టాం. ఆపా అంటే అక్క. ఆవిడ మా డిపోకంతటికీ అక్కే, డైరెక్టర్‌కి కూడా.

ఇక నా ఫార్ములా! పేరు ఇదే అయి, సమయం షిఫ్టు మొదలైన తర్వాతదై, షిఫ్టు ముగిసేలోపలిదైతే, ఒకటి వెయ్యి. అంతే! ఎంత ముచ్చటగా ఉందో చూడండి. మనిషి మొహం చూడదు, వయసు చూడదు, చుట్టరికం చూడదు. నేను మా ఇంట్లో కూడా వాడి చూశాను. సాయంత్రం షిఫ్టులో మా ఆవిడ "నీ మొహం" అని ఎన్నిసార్లు అంటుందో లెక్క తీసి, బొమ్మ గీసి, రంగులద్ది గోడకు అంటించాను. ఆవిడ దాన్ని తదేకంగా చూసి ఇంకోసారి అంది. వెంటనే గీత ఒక మెట్టు పైకి లేచింది! మా బావమరిది రాకపోకలకు ఒక పట్టిక వేశాను. పెళ్ళి విందుల్లో మైకు వదలని బాబాయిలకు ఒకటి వేశాను. పక్కింటి గొర్రె కూడా నా లెక్కలో ఉంది. అది ఉదయం షిఫ్టులో ఎక్కువ అరుస్తుంది. ఈ సంగతి దాని యజమానికి తెలియదు, నాకు తెలుసు! ఇంతకన్నా నాగరికత ఏం కావాలండీ?

మొదటి వారం లెక్క రాగానే డిపోలో అద్భుతం జరిగింది. రాత్రి షిఫ్టు వాళ్ళు ఒక్కరంటే ఒక్కరు, ఒక్కసారంటే ఒక్కసారి కూడా టీ తాగలేదు! అందరికీ సున్నాలే! డైరెక్టర్ కళ్ళు చెమర్చాయి. "వీళ్ళయ్యా మనుషులంటే!" అని వాళ్ళకు ఎర్ర జెండా బహూకరించారు. వాళ్ళు ఆ జెండా టేబుల్ మీద పరుచుకుని, దాని మీద బౌర్సాకులు, అంటే నూనెలో వేయించిన పిండి ఉండలు, కుప్పపోసుకుని, తెల్లారేదాకా టీ తాగారు. అప్పుడూ సున్నాయే.

కారణం చిన్నది. రాత్రి షిఫ్టు సాయంత్రం ఎనిమిదికి మొదలై పొద్దున ఎనిమిదికి ముగుస్తుంది. సాయంత్రం ఎనిమిది దాటి ఉండాలి, పొద్దున ఎనిమిదిలోపూ ఉండాలి అని నా ఫార్ములా అడుగుతుంది. గడియారంలో అలాంటి ఘడియ ఎక్కడుంది చెప్పండి? లేదు. కనుక సున్నా. దిద్దడం నాకు రాక కాదు. కానీ డైరెక్టర్ జెండా ఇచ్చేశాక దిద్దితే బాగుంటుందా? పగటి షిఫ్టు వాళ్ళందరూ మమ్మల్నీ రాత్రికి మార్చండని క్యూ కట్టారు. "కుదరదు! మంచివాళ్ళ మధ్య మిమ్మల్ని వేస్తే వాళ్ళూ చెడిపోతారు" అని డైరెక్టర్ అందర్నీ వెనక్కి తోలేశారు.

సరిగ్గా అప్పుడే పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. పగటి షిఫ్టులో ఒక మనిషి ఎక్కువగా ఉన్నాడు, నెలాఖరుకి తగ్గించాలి. ఎవర్ని? ఇంకో చోటైతే కన్నీళ్ళూ కాళ్ళావేళ్ళా పడటాలూ ఉండేవి. మాకు ఫార్ములా ఉంది కదా! నెలలో ఎవరు ఎక్కువసార్లు టీ తాగితే వాళ్ళు ఇంటికి. పెద్దా చిన్నా తేడా లేదు, డిపోలో కార్డున్న ప్రతివాడికీ వర్తిస్తుంది. నెల ముగియగానే పట్టిక నేరుగా పై ఆఫీసుకి పోతుంది, మధ్యలో ఎవరూ వేలు పెట్టడానికి లేదు. అని డైరెక్టర్ గారే రాసి, చదివి, సంతకం చేశారు.

నెల సగం గడిచేసరికి పట్టికలో పై పేరు షైమెర్దెన్‌ది.

గౌరవంగా మేం షాకె అంటాం. బ్రేకులు బిగించే పెద్దాయన. పింఛనుకి ఇంకా రెండేళ్ళుంది. డిపోలో సగంమందికి పని నేర్పింది ఆయనే, వాళ్ళ పిల్లలకు పేర్లు పెట్టిందీ ఆయనే. నా పెళ్ళిలో నాకు కోటు తొడిగిందీ ఆయనే. అలాంటి ఆయన ఒక్కరోజు షిఫ్టులో ఇరవై మూడుసార్లు టీ తాగాడు! డైరెక్టర్ గారి లెక్క చూశాను. రోజూ ఒకటి. ఒకటంటే ఒకటే!

మా దగ్గర టీ ఎలా పోస్తారో మీకు ఒక్క ముక్క చెప్పాలి. గిన్నె అడుగున రెండు గుక్కలు పోస్తే, ఉండండి, కబుర్లు చెప్పండి, మళ్ళీ పోస్తాం అని అర్థం. ఎంత గౌరవమైతే అంత తక్కువ పోస్తారు, అన్నిసార్లు పోస్తారు. అంచుదాకా నింపి ఇస్తే, తాగి దయచేయమని. ఇది మా ఉయ్యాల్లో పిల్లలకు కూడా తెలుసు. ఎక్సెల్‌కి తెలియదు. తెలియకపోవడమే దాని గొప్పతనం! తెలిస్తే అదీ మొహమాటపడేది.

పట్టిక గోడకు అంటించిన పూట బల్జాన్ ఆపా తడిచేతులు తుడుచుకుంటూ నా గదికొచ్చింది.

"ఏరా తుర్సిన్, షాకె పేరు ఎర్రగా ఉందేంటి?"

"ఎక్కువసార్లు తాగారు ఆపా."

"నేను పోసింది రెండేసి గుక్కలురా! అయిదారుసార్లు పోస్తేగాని ఒక్క గిన్నె కాదు. నీ డైరెక్టరు ఒక్కసారికే గిన్నెడు లాగించి పోతాడు."

"గుక్కలకు గడి లేదు ఆపా. సార్లకే ఉంది."

"అయితే గడి పెట్టు!"

"పై ఆఫీసు ఒప్పుకోవాలి."

ఆవిడ కుర్చీలో కూలబడింది. తర్వాత మెల్లిగా అడిగింది.

"అంటే షాకె ఉద్యోగం నిలబడాలంటే నేనాయనకు నిండా పొయ్యాలి. అంతేనా?"

"లెక్క ప్రకారం అదే మంచిది."

"నేనా! షాకెకా! నా చేత్తోనా!" అంది. "నీ లెక్క తగలెయ్య" అని కూడా అంది. ఆ మాట ఏ షిఫ్టులో అందో రాసుకున్నాను.

మర్నాడు క్యాంటీన్లో నేనూ ఉన్నాను. షాకె ఎప్పటిలాగే టోపీ తీసి పక్కన పెట్టి, కుర్రతనంలో తప్పిపోయిన గుర్రం కథ మొదలుపెట్టాడు. వంద సార్లు విన్న కథే, అందరూ బౌర్సాకులు నములుతూ వింటున్నారు. ఆపా కార్డు తాకించింది. కొళాయి ఆగకుండా పోసింది. గిన్నె అంచుదాకా నిండింది. అంచు దాటి సాసర్లోకి ఒలికింది. నమలడాలు ఆగిపోయాయి.

షాకె గిన్నెను చూశాడు. ఆపాను చూశాడు. ఆవిడ తల దించుకుంది. ఆయన గిన్నెడూ తాగి, ఇక చాలన్నట్టు ఖాళీ గిన్నెను పక్కకు ఒరిగించి పెట్టాడు.

"సరే బల్జాన్. నీ చేత్తో పోశావు, తాగాను. చల్లగా ఉండు తల్లీ" అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. గుర్రం దొరికిందో లేదో ఆ రోజు ఎవరికీ తెలియలేదు.

నేను గదికెళ్ళి పట్టిక చూశాను. షైమెర్దెన్, ఒకటి! ఫార్ములా ప్రకారం ఆ రోజు డిపోలో ఆయన్ని మించిన పనివాడు లేడు. అప్పటికి ఆయన డిపోలోనే లేడు.

ఆ తర్వాత రెండు రోజులు ఆపా తల ఎత్తకుండానే అందరికీ టీ పోసింది. మూడో రోజు డైరెక్టర్ గారు అలవాటు ప్రకారం నిలబడే టీ కోసం చెయ్యి చాపారు. ఆపా గిన్నె ఇచ్చింది. అడుగున రెండే గుక్కలు!

ఆయన గిన్నెలోకి వంగి చూశారు. "ఆపా, నాకేనా?"

"మీకే. కూర్చోండి. ఆ రెండూ కానివ్వండి, మళ్ళీ పోస్తాను."

ఆయన కూర్చున్నారు! డైరెక్టరయిన ఎనిమిదేళ్ళలో క్యాంటీన్ కుర్చీ ఎలా ఉంటుందో ఆయనకు తెలియదు పాపం. రెండు గుక్కలు తాగారు, మళ్ళీ రెండు వచ్చాయి. కోటు విప్పారు. మళ్ళీ రెండు. వాళ్ళమ్మ ఒంటెపాలు ఎలా పులియబెట్టేదో చెప్పారు. మళ్ళీ రెండు. చిన్నప్పుడు బళ్ళో తనను ఆటకు రానిచ్చేవాళ్ళు కాదని చెప్పి ముక్కు చీదుకున్నారు. మీటింగుకి రమ్మని ఫోనొస్తే "నేను మనుషుల మధ్య ఉన్నాను!" అని పెట్టేశారు. ఇక రోజూ పొద్దున రావడం, సాయంత్రం లేవడం. మధ్యలో ఆపా చెయ్యి ఆగింది లేదు. ఆవిడ మొహం చూసి ఏమీ చెప్పలేం. గౌరవంగా పోస్తోంది, అంతే.

నెలాఖరు సాయంత్రం నేను పట్టిక తెరిచి కుర్చీలోంచి ఎగిరిపడ్డాను. ఎర్రగా, అందరికన్నా పైన, కైరొల్లా! ఆ నెలలో షాకె తాగిన సార్లను పది రోజుల్లో దాటేశారు!

పరుగున వెళ్ళి చెప్పాను. ఆయన గిన్నె పట్టుకునే నా గదికి పరిగెత్తుకొచ్చారు.

"నన్ను రాత్రి షిఫ్టులో వేసెయ్! వాళ్ళందరికీ సున్నాలేగా! త్వరగా!"

"పట్టిక వెళ్ళిపోయిందండీ. మధ్యలో వేలు పెట్టడానికి లేదని మీరే..."

పై ఆఫీసు వాళ్ళు నిష్పక్షపాతానికి మెచ్చుకుంటూ ఉత్తరం రాసి, ఆయన్ని తగ్గించారు. వెళ్ళేరోజు ఆయన ఆపా చేతులు పట్టుకుని, "ఈ పది రోజులు మరిచిపోలేను" అన్నారు. ఆవిడ అప్పుడు ఏడ్చేసింది. ఎందుకో నాకు అర్థం కాలేదు.

షాకె చోటు మాత్రం నిలిచింది. ఆయన్ని పిలుచుకురమ్మని నన్ను పంపారు. వాళ్ళింటికి వెళ్ళాను, గుమ్మంలోనే ఆదరించారు, గౌరవ అతిథులకిచ్చే పైచోటు చూపించి కూర్చోబెట్టారు, బల్ల మీద రొట్టె, వెన్న, ఎండబెట్టిన పెరుగుతో చేసే ఖుర్త్ ఉండలు పెట్టారు. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

"షాకె, లెక్కలన్నీ సరిపోయాయి. మీరు మళ్ళీ రావచ్చు."

"వస్తాను. బ్రేకులు నాకేం అపకారం చేశాయి? సోమవారం వస్తాను. బల్జాన్‌ని బెంగపెట్టుకోవద్దని చెప్పు. అది ఎందుకు పోసిందో నాకు గుమ్మం దాటకముందే తెలుసు" అన్నాడు.

హమ్మయ్య అనుకున్నాను. ఆయన భార్య టీకుండ అందుకోబోయింది. షాకె ఆవిడ చేతిలోంచి దాన్ని తీసుకుని, తనే నా గిన్నెలో పోశాడు. తొందరేమీ లేకుండా, చుక్క కింద పడకుండా, అంచుదాకా పోశాడు.

"తాగు తుర్సిన్‌బెక్. చల్లారిపోతుంది."

తాగాను. వేడికి నోరు కాలింది. లేచి టోపీ పెట్టుకున్నాను. ఉండమని ఎవరూ అనలేదు.

కాబట్టి పాఠకులారా, నా లెక్క ఒకటి! ఒకే ఒక్కటి! డిపోలో నాకన్నా క్రమశిక్షణ గలవాడు ఎవడైనా ఉంటే చూపించండి. ఆపా కూడా ఇప్పుడు రోజూ నాకు ఒక్కసారే పోస్తుంది. మా హాజరు గదిలో కబుర్లతో పాడైపోయే సమయం ఒక్క నిమిషం లేదు. మీ ఆఫీసుల్లోనూ ఇంత క్రమశిక్షణ కావాలంటే ఫార్ములా పంపిస్తాను, ఊరికే ఇస్తాను. నాకు తీరికే తీరిక. ఎవరూ రారు.