అరవై ఒక్క గీతల దీవెన

కంప్యూటరులో గ్రాఫు గీసే కిటికీ ఉన్నట్టుండి మూసుకుపోవడం కంటే గొప్ప వరం ఈ లోకంలో మరొకటి లేదు! నవ్వకండి. రెండు నెలలుగా ఆ వరాన్ని అనుభవిస్తున్నవాణ్ణి, నాకు తెలియదా?

ముందు నా అర్హతలు చెప్పుకుంటాను. రంగూన్‌లో ఒక సర్వే ఆఫీసులో పదకొండేళ్ళు అంకెలకు బొమ్మలు గీశాను. ఫిబ్రవరిలో సైన్యం గద్దె ఎక్కింది, ఊరంతా సమ్మె కట్టి వీధుల్లోకి దిగింది, మా ఆఫీసు తాళం వేసుకుంది. లాప్‌టాప్ మాత్రం నా సంచిలో ఉండిపోయింది.

ఆ లాప్‌టాప్ మీద మా పజుండౌంగ్ పేట తెలుగు సంఘం ప్రెసిడెంటు, పేరు ముందు బర్మా మర్యాదకు 'ఊ' తగిలించుకున్న ఊ డేనియల్ గారి చూపు పడింది. సంఘం హాలులో ఆదివారాలు మంగాయమ్మ అత్త పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దిస్తుంది. ఆ హాలును నూడుల్స్ పెట్టెలు దాచుకోవడానికి ఎవరో అడిగారట. క్లాసుకు పిల్లలు వస్తున్నారో లేదో నోటిమాటగా చెబితే చాలదు, ఎవరు ఎన్నిసార్లు వచ్చారో గ్రాఫు చూపించమన్నారు ఊ డేనియల్ గారు.

"గీత కిందికి దిగితే హాలు ఇచ్చెద్దాం, టోనీ. పైకెల్తే ఉంచుదాం. ఏటంటావు?"

ఏమంటాను? హాజరు పుస్తకాలు తెచ్చి పేర్లన్నీ ఎక్కించాను. గీయమని మీట నొక్కాను. కిటికీ తెరుచుకుంది, తెల్లబోయింది, గుడ్లప్పగించింది, మూసుకుపోయింది! మళ్ళీ నొక్కాను. ఈసారి తనతోపాటు మొత్తం సాఫ్ట్‌వేర్‌నే వెంట తీసుకుపోయింది.

మామూలు రోజుల్లో అయితే ఏం చేస్తాం? తెర మీద వచ్చిన ఎర్రర్ మెసేజ్‌ను నెట్‌లో అతికిస్తాం. ఏదో దేశంలో ఎవరో పెద్దమనిషి ఆరేళ్ళ కిందట ఇదే బాధ పడి, 'నాకు సరైపోయింది, థాంక్స్' అని రాసి, ఎలా సరైందో చెప్పకుండా వెళ్ళిపోయి ఉంటాడు. ఇప్పుడు ఆ బెంగ లేదు. సైన్యంవాళ్ళు నెట్ కోసేశారు! ఎంత ప్రశాంతత! కొత్త వెర్షను దించుకోవాలన్న దురాశ లేదు. కరెంటు కూడా పోతే తప్పు నాదా, సాఫ్ట్‌వేర్‌దా అనే ధర్మసందేహం కూడా ఉండదు.

అప్పుడు నేను మనుషులను అడగడం మొదలుపెట్టాను. సైకా రిక్షా తొక్కే దేముడు నా గోడు శ్రద్ధగా విన్నాడు. "ఒకపాలి ఆపీసి మల్లీ ఎక్కు బాబూ," అన్నాడు. పెద్ద పెద్ద కంపెనీల సపోర్టువాళ్ళు ఇంతకంటే ఏం చెబుతారు? పైగా దేముడు నన్ను లైనులో ఉండమని పాట వినిపించలేదు.

ఆపి ఎక్కాను. మార్జిన్లు తగ్గించాను. అక్షరాల సైజు చీమంత చేశాను. కిటికీ చలించలేదు. ప్రతి ఆదివారం ఊ డేనియల్ గారు వచ్చి, తెర ముందు కూర్చుని, అది కూలిపోవడం కళ్ళారా చూసి వెళ్ళేవారు. "ఏటిది, ఇది కూడా సమ్మెలో సేరిందేటి?" అని ఒకసారి నవ్వారు కూడా. గ్రాఫు లేదు కనుక నిర్ణయం లేదు. నిర్ణయం లేదు కనుక క్లాసు నడుస్తోంది. దీన్ని వరం అనక మరేమంటారు?

కానీ నాలోని పాత ఉద్యోగి ఊరుకోడు కదా. ఒక మధ్యాహ్నం పేర్ల పట్టీ మొదటినుంచీ చదివాను. అరవై ఒక్క పేర్లున్నాయి. మా హాలులో అరవై ఒక్క మంది పిల్లలు పడతారా?

దోషం సాఫ్ట్‌వేర్‌ది కాదు, మాది! మాలో ఒక్కొక్కరికి రెండు పేర్లో మూడు పేర్లో ఉంటాయి. చర్చిలో వెరోనికా, బర్మీస్ బడిలో ఖిన్ థీడా, ఇంట్లో నాయనమ్మ పేరున రాజ్యం. హాజరు వేసేవాళ్ళం ముగ్గురం. మంగాయమ్మ అత్త ఇంటి పేరుతో పిలిచినట్టే రాస్తుంది, ఆవిడకు సాయం వచ్చే సూర్యప్రకాష్ బడి పేరు రాస్తాడు, నేను బాప్తిస్మం పేరు రాస్తాను. అరవై ఒక్క గీతలు, అరవై ఒక్క రంగులు, పక్కన అరవై ఒక్క పేర్లు! పాపం ఆ చిన్న కిటికీ ఊపిరాడక పోయింది.

పేర్లు కలిపాను. ఇరవై ముగ్గురు తేలారు. మీట నొక్కగానే గ్రాఫు చక్కగా వచ్చి నిలబడింది. జనవరిలో ఇరవై మూడు గీతలున్నాయి. మార్చి దాటాక ఒక్కొక్కటే ఆగిపోయాయి. చివరికి మిగిలినవి ఏడు.

మంగాయమ్మ అత్తను పిలిచి చూపించాను. ఆవిడ ఆగిపోయిన గీతలమీద వేలు పెట్టి ఒక్కొక్కటే చెప్పింది. "ఇది మన కెరెన్. లైంగ్‌థార్యార్ పేటల ఫ్యాక్టరీ మూసీసినారు కదా, అమ్మతో ఎల్లిపోనాది. ఈలిద్దరూ ట్వంటే ఊర్ల అమ్మమ్మ కాడున్నారు. ఇది గోవిందు." అక్కడ ఆగింది. "గోవిందు సంగతి అడక్కు బాబూ."

నాకు ఏడుపొచ్చింది. సరే అత్తా, రానివాళ్ళ పేర్లు తీసేస్తే మిగతావి బాగా కనబడతాయి అన్నాను. నేర్చిన విద్య అలాంటిది మరి.

"తీయకు," అంది. "ఆల్లు తిరిగొచ్చినపుడు పేరు నేకపోతే ఎక్కడ కూకుంటారు?"

అందుచేత పాఠకమహాశయులారా, పాత ఫైలునే మళ్ళీ పెట్టాను. మూడేసి పేర్లతో సహా ఎవ్వరినీ తీయలేదు. మొన్న ఆదివారం ఊ డేనియల్ గారి ముందు మీట నొక్కాను. కిటికీ తెల్లబోయి, బ్రహ్మాండంగా కూలిపోయింది! ఆయన నిట్టూర్చి వచ్చే నెల చూద్దామన్నారు.

ఇదంతా మన సంఘం పత్రికలోనే రాసేస్తే ఆయనకు తెలిసిపోదా అని మీరు కంగారుపడకండి. ఆయన మొదటి పేజీలో తన ఫోటో చూసుకుని, బాగుందని మడిచి జేబులో పెట్టుకుంటారు. తెలుగు చదవలేరు. కమిటీలో తొమ్మిది మందిమి ఉన్నాం, ఎనిమిది మందికి చదవడం రాదు.

తొమ్మిదోవాణ్ణి నేను. నాకు ఆ హాలులోనే మంగాయమ్మ అత్త నేర్పింది.