ఇత్తడి తొడుగు సంఖ్యాలేఖన ఘట్టము

వినుడు, టిక్కెట్టు కొన్నవారలారా, కొననివారలారా. ఉదయమున కురిసిన వాన వెలిసి, తడిసిన గొడుగులన్నియు ద్వారసమీపమున ఒక బకెట్టులో తలక్రిందులుగా నిలిచి తపమొనర్చుచున్న ఒకానొక మంగళవారమున, మధ్యాహ్నము రెండున్నర గంటల వేళ, స్థానిక చరిత్ర ప్రదర్శనశాల వెనుకభాగమున, తుప్పుపట్టిన తాళపుకప్పలకును చెవి విరిగిన కూజాలకును నిలయమైన సామానుగదిలో ఒక మహాసంగ్రామము జరిగెను. కత్తులు లేవు. ఒక కలము, ఒక కుంచె, ఒక వార్నిష్ సీసా మాత్రమే కలవు.

యోధురాలు పనిలో చేరి తొమ్మిది దినములైన ఇంటర్న్. చల్లారకముందే టీ త్రాగి నాలుక కాల్చుకొనునది, లిఫ్టు మీటను ఏడుమార్లు నొక్కునది యగుటచే ఇంట ఆమెకు తొందరమ్మ యను బిరుదు కలదు. ప్రత్యర్థియో, సూది గుచ్చుకొనకుండ కుట్టుపనివారు వ్రేలికి పెట్టుకొను ద్రాక్షపండంత ఇత్తడి తొడుగు. దానిని ప్రదర్శనశాలకిచ్చిన పెద్దావిడ, తన తల్లి వస్తువును అద్దాల బీరువాలో చూచుకొనుటకై నాలుగు గంటలకు రానున్నది. సంఖ్య వ్రాయని వస్తువు సామానుగది గడప దాటరాదన్నది అచటి శాసనము.

ముప్పది వత్సరములుగా ఆ గదిని ఏలుచున్న అధిపతి, ఎల్లరు మాస్టారని పిలుచు వృద్ధసింహము, యుద్ధనీతిని బోధించెను.

“చూడమ్మా, లోపలి అంచున ముందు కాస్త వార్నిష్ పుయ్యి. పావుగంట ఆరనివ్వు. దానిమీద ఇంకుతో నాలుగు వందల పదిహేడు అని రాయి. అంకె వార్నిష్‌కి అంటాలి గానీ వస్తువుకి అంటకూడదు.”

“ఇంతేనా మాస్టారూ? చిటికెలో అయిపోతుంది.”

మాస్టారు నవ్వలేదు.

ప్రథమ దండయాత్రలో ఆ వీరనారి నాలుగవ నిమిషముననే కలమెత్తెను. పచ్చి వార్నిష్‌లో సిరా పారి, నాలుగు పోయి ఒకటిలో కలిసి, ఏడుకు కాళ్లు మొలిచెను. గోళ్లరంగు తుడుచు ద్రావకములో దూదిపుల్లను ముంచి అంతయు తుడిచెను. ద్వితీయ దండయాత్రలో త్వరగా ఆరునని నోటితో ఊదగా, తుంపర వెళ్లి సరిగా ఏడు పడవలసిన చోటనే పడెను. తృతీయమున బల్లఫ్యాను తెచ్చి పెట్టగా, తొడుగు గిరగిర దొర్లి, బల్లపైనుండి దూకి, బీరువా క్రిందికి పారిపోయెను. స్కేలుతో దానిని వెలికి తీయుసరికి వార్నిష్‌కు ఒక వెండ్రుక అతుక్కొని యుండెను. గడియారము మూడుంబావు చూపుచుండెను.

“ఆవిడకి ఫోన్ చేసి రేపు రమ్మననా?” అని మాస్టారు అడిగెను.

“వద్దు మాస్టారూ. రెండు బస్సులు మారి వస్తారు పాపం.”

మాస్టారు మూలనున్న అట్టపెట్టెను చూపెను. “అందులో ఉన్నవన్నీ రేపు రాద్దాంలే అనుకున్నవే. ఇప్పుడు ఏది ఎవరిదో తెలీదు. ఆ ఈల ఉంది చూశావా, అది నా చేతిలోంచే వెళ్లింది. ఇచ్చినాయన మళ్లీ వచ్చి అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.”

ఆ మాట విని తొందరమ్మ బల్లఫ్యానును దూరముగా జరిపెను. నాలుగవమారు వార్నిష్ పూసి, రెండు చేతులను తొడల క్రింద పెట్టుకొని కూర్చుండి, మనసులో ఇట్లు గర్జించెను:

“ఓ దక్షిణహస్తమా, పుట్టినది మొదలు నేను పిలువకయే నీవు ముందుకు దూకితివి. ఈ పావుగంట నీవే నా శత్రువవు. ఊరకుండుము. ఇంతకు మించిన పరాక్రమమును నిన్ను కోరను.”

అంతట, సంచిలో ఫోను భ్రమరనాదము చేయుచుండగా, నాసికాగ్రమున దురద దావానలమై రగులుచుండగా, గడియారపు పెద్దముల్లు నడుము పట్టినదానివలె మెల్లమెల్లగా కదలుచుండగా, అడుగడుగునకు “ఆరియుండునేమో” యని ప్రలోభపెట్టు స్వీయాంతరంగమను మాయావిని ఎదిరించి, ఆ అచంచలధైర్యధురంధర పదునైదు నిమిషములు ఏమియు చేయకుండెను. పిదప ఊపిరి బిగబట్టి ఆవగింజలంతేసి మూడంకెలు వ్రాసెను. అవి చెదరలేదు. మరల చేతులపై కూర్చుండి, సిరా ఆరిన పిదప పైపూత పూసెను.

నాలుగు దాటి రెండు నిమిషములకు పెద్దావిడ వచ్చి, పళ్లెములో మెత్తని గుడ్డపై నున్న తొడుగును చూచెను.

“ఇలాంటివి అందరిళ్లల్లో ఉంటాయి కదమ్మా. మా అమ్మది వేరేవాటిలో కలిసిపోదు కదా?”

“కలవదండీ. నంబరు రాశాం.”

“ఎక్కడా? నాకేం కనబడట్లేదే.”

తొందరమ్మ భూతద్దమందించెను. పెద్దావిడ ఒక కన్ను మూసి, “నాలుగు... ఒకటి... ఏడు” అని కూడబలుకుకొని చదివెను. కన్నులు తుడుచుకొని అన్నది: “ఎవరు రాశారో గానీ, మంచి నిదానమైన మనిషి.”

మాస్టారు గోడవైపు తిరిగి దగ్గెను.

లోకులారా, నాడు ఏ రాజ్యమును చేతులు మారలేదు, ఏ కోటయు కూలలేదు. కాని సాయంత్రము ఆ విజేత ఇంటికి పోవుచు లిఫ్టు మీటను రెండుమార్లు మాత్రమే నొక్కెను.