రెండు వందల మార్లు

2008 శ్రావణంలో ఒక శుక్రవారం ధర్మవరంలో పట్టుచీరల అంగడి తెరవాలని మార్కండేయులు ముహూర్తం పెట్టుకున్నాడు. ఎదురుగా పాతకాలపు పెద్ద అంగడి ఉంది. మొదటిరోజు జనం రాకపోతే ఇక ఎప్పటికీ రారని ఆయన బెంగ. పూల పనీ, పులిహోర పనీ బెంగళూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే కొడుకు నాగేంద్ర పట్టుబట్టి నెత్తిన వేసుకున్నాడు.

వేసుకున్నవాడు ఊరుకున్నాడా! మీటర్లను మూరలుగా, కిలోలను శేర్లుగా మార్చే పైథాన్ ప్రోగ్రాము రాశాడు. మోచేతి నుంచి వేలికొస దాకా మూర, అంటే 0.45 మీటరు. అంగడికి తొంభై మీటర్ల దండ కావాలి. వెంటనే హిందూపురం పూల వ్యాపారి దాసప్పకు ఫోన్ చేశాడు.

"రెండు వందల మూర మల్లెలు పంపప్పా."

"రెండు వందల మారా? అన్ని యాడ కడతావు సామీ?"

"పెద్ద అంగడిలే!"

దాసప్పది కన్నడం కలిసిన తెలుగు. ఆయన లెక్కలో మారు అంటే రెండు చేతులూ బారజాపినంత. నాలుగు మూరలకు ఒక మారు.

శుక్రవారం తెల్లవారగానే టెంపో నిండా మల్లెలు దిగాయి.

"ఏమిరా, అంగడి తెరుస్తాండామా, పూలతోట పెడతాండామా?" అని అరిచాడు మార్కండేయులు.

నాగేంద్ర ల్యాప్‌టాప్ తెరిచాడు. పూలు నాలుగింతలు వచ్చాయంటే ప్రోగ్రామే నాలుగింతలు చూపుతోందన్నమాట. ప్రతి జవాబునూ నాలుగుతో భాగించి, వంట చేసే వెంకటక్క దగ్గరికి పరుగెత్తాడు.

"బియ్యం నలభై శేర్లు కాదక్కా, పదే."

"ఊరంతా వస్తాదంటివే, పదేందప్పా?"

"తప్పు దిద్దినాలే."

మిగిలిన పూలను పక్క అంగళ్లకూ, వీధి మలుపు దాకా కట్టారు. ఏదో పెద్ద వేడుకనుకుని జనం విరగబడ్డారు. దీపం వెలిగించేలోపే పులిహోర గిన్నె ఖాళీ.

"నా పరువు తీస్తివి గదరా!" మార్కండేయులు కళ్లలో నీళ్లు తిరిగాయి.

నాగేంద్రకు తల కొట్టేసినట్టయింది. ఏం చెయ్యాలో తోచక దండలు తెంపి ఆడవాళ్ల చేతుల్లో పెట్టసాగాడు. "పులిహోర అయిపాయె, పూలన్నా పెట్టుకోండక్కా."

శ్రావణ శుక్రవారం మూరెడు మల్లెలు ఊరికే వస్తే ఎవరు వద్దంటారు? ఎదురంగట్లో బేరమాడుతున్నవాళ్లు కూడా ఇటు వచ్చేశారు. పూలు తురుముకోవాలంటే అద్దం కావాలి. అద్దం అంగడి లోపల ఉంది. అద్దం పక్కన చీరలున్నాయి.

సాయంత్రానికి అరలు బోసిపోయాయి. అప్పుడే దాసప్ప ఫోన్ చేశాడు. "మార్లు సరిపాయెనా సామీ?"

ఆ మాటతో నాగేంద్రకు అంతా తెలిసిపోయింది. నవ్వాపుకోలేక తండ్రికి చెప్పాడు. మార్కండేయులు ఆనందం పట్టలేక కొడుకును వాటేసుకున్నాడు.

"వచ్చే శుక్రవారానికి గూడా నువ్వే లెక్కెయ్యిరా, నాగా. తప్పు మాత్రం దిద్దొద్దు!"