రెక్కల పిల్లకి ప్రాణగండం

"నేరం ఏ మూల దాక్కున్నా, దాని వాసన ముందు తగిలేది నా ముక్కుకే బావా! మేధావి అనేవాడు శతాబ్దానికి ఒక్కడే పుడతాడు. మిగతావాళ్ళంతా అతని దగ్గరికి కేసులు తెచ్చుకోవడానికి పుడతారు."

ఈ ప్రకటన చేసిన మహానుభావుడు నా బావమరిది. చేసే సమయానికి మా సోఫాలో వెల్లకిలా పడుకుని, పొట్ట మీద బిస్కెట్ల పళ్ళెం పెట్టుకుని ఉన్నాడు. ఏం చేస్తుంటావని ఎవరైనా అడిగితే డిటెక్టివ్‌నంటాడు. ఇంతవరకూ అతను ఎవరినీ పట్టుకోలేదు. అతన్ని మాత్రం జలుబు చాలాసార్లు పట్టుకుంది.

నాకు మాత్రం నిజంగానే కష్టం వచ్చిపడింది. నేనూ, బొమ్మలు గీసే మా భాగస్వామీ కలిసి, ఓ టైలరు కొట్టు పైనున్న రెండు గదుల్లో కూర్చుని 'మాయా సత్రం' అనే ఫోన్ ఆట తయారుచేశాం. అడవిలో ఓ సత్రం. దాన్ని నడిపేది రెక్కలున్న ఓ చిన్నపిల్ల. రాక్షసులూ మరుగుజ్జులూ మంత్రగత్తెలూ వస్తుంటారు. వాళ్ళ ఓపిక నశించేలోపు సూప్ అందించాలి, బల్ల తుడవాలి, పక్క వేయాలి. ఆలస్యమైతే రాక్షసుడు అలిగి వెళ్ళిపోతాడు.

ఆడినవాళ్ళు రకరకాలుగా రాశారు. "రాక్షసుడికి సూప్ పెట్టేలోపు మా ఇంట్లో పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. అద్భుతమైన ఆట, అయిదు స్టార్లు" అని ఒకరు. "మనశ్శాంతికి ఆడమన్నారు. ఆడుతూ మా ఆయన్ని రెండుసార్లు కసిరాను" అని ఒకావిడ. "మరుగుజ్జు అచ్చం మా మేనేజర్‌లా ఉన్నాడు. కావాలనే ఆకలితో మాడుస్తున్నాను" అని ఇంకొకాయన.

అన్నిటికంటే పైన మాత్రం 'అలసిన దేవకన్య' అనే పేరుతో ఒక్క స్టారు రివ్యూ కూర్చుంది. వందలమంది "నిజమే" అని నొక్కడంతో అది అక్కడినుంచి దిగడం లేదు. కొత్తగా వచ్చినవాళ్ళు అది చదివి వచ్చిన దారినే పోతున్నారు. ఇలాగే ఉంటే నెలాఖరుకి ఆటను తీసేస్తామని, దాన్ని జనంలోకి పంపే కంపెనీ మేనేజరమ్మ చెప్పేసింది. ఆ ఆట పోతే మా ఇద్దరికీ వేరే పని లేదు.

నా ఖర్మ కాలి ఆ మాట ఇంట్లో అన్నాను. బావమరిది దిగ్గున లేచి నా ఫోన్ లాక్కుని పైకి చదివాడు.

"'ఆ పిల్లని ఎంతసేపు పరిగెత్తిస్తారు? సత్రం నిండా కుర్చీలే, దానికి మాత్రం ఒక్కటి లేదు. ఇలాగే సాగితే ఆ పిల్ల బతకదు.' బావా! ఇది రివ్యూ కాదు, హత్యకి ముందస్తు నోటీసు!"

"ఆ పిల్ల బొమ్మరా."

"నువ్వు పైపైన చూస్తున్నావు. కుర్చీ అంటే పదవి. పిల్ల అంటే దానికి వారసురాలు. సత్రం అంటే రహస్య స్థావరం!"

"సత్రం అంటే సత్రమే. నేనే కట్టాను."

అతని కళ్ళు చిన్నవయ్యాయి. "అయితే ముఠాలో నువ్వూ ఉన్నావన్నమాట."

మా ఆవిడ వంటింట్లోంచే అంది: "ఒరేయ్, నీ తడి తువ్వాలు మంచం మీద ఎవరు పారేశారో ముందు అది కనిపెట్టు."

మర్నాడు మా ఆఫీసు మెట్ల కింద మాటువేశాడు. మాటువేయడమంటే నల్ల కోటు, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మిట్టమధ్యాహ్నం వీధి మధ్యలో నిలబడడం. అప్పుడే టైలరు ఎవరితోనో ఫోన్లో అంటున్న మాటలు అతని చెవిన పడ్డాయి.

"చేతులు కత్తిరించేశానండీ. మెడ ఇంకాస్త కిందకి కోయాలి. సాయంత్రానికల్లా పని ముగించేస్తాను."

బావమరిది కొట్లోకి దూకాడు. "చేతులెత్తు!"

టైలరు మెడలోంచి టేపు తీశాడు. "ఎత్తాల్సింది మీరు సార్. లేకపోతే చంకకొలత ఎలా తీస్తాను?"

అరగంట తర్వాత పైకి వచ్చి చెప్పాడు: "బావా, వాడు గట్టివాడు. నోరు విప్పలేదు. నాకు మాత్రం ఓ చొక్కా కుట్టి ఇస్తున్నాడు."

"ఇందులో కుట్ర లేదురా. ఉన్నదంతా కుట్టే."

"నవ్వు, నవ్వు. సాయంత్రం అందరినీ మీ హాల్లో సమావేశపరుస్తున్నాను. ముసుగు తొలగబోతోంది!"

అలాగే సమావేశమయ్యాం. నేను, మా ఆవిడ, ఆవిడా వీడూ ఇద్దరికీ తల్లి అయిన మా అత్తగారు, మా బొమ్మలావిడ. చొక్కా ఇవ్వడానికొచ్చిన టైలరుని కూడా కూర్చోబెట్టాడు. అందరి ఫోన్లూ బల్ల మీద వరసగా పెట్టించి, అత్తగారి పౌడరు డబ్బా బయటికి తీశాడు.

"వేలిముద్రలు! నేరస్థుడి ఫోన్ మీద నేరస్థుడి వేలిముద్రలే ఉంటాయి."

"ఎవరి ఫోన్ మీద వాళ్ళ వేలిముద్రలే ఉంటాయిరా" అంది మా ఆవిడ.

"అదే కదా వాడు చేసిన పొరపాటు!"

బొమ్మలావిడ వైపు వేలు చూపించాడు. "నేరస్థురాలు ఇక్కడే ఉంది. తను గీసిన పిల్లనే తను..."

ఆవిడ ముఖం పాలిపోయింది. అసలే వారం నుంచి నిద్ర లేని మనిషి. ఇక చాలని నేను లేవబోయాను. అంతలో అతను డబ్బా గట్టిగా దులిపాడు. హాలంతా తెల్లబడింది. వెంటనే కిటికీ అద్దాలు అదిరేలా తుమ్మాడు. చెయ్యి తగిలి ఓ ఫోన్ కింద పడింది. పడిన ఫోన్ వెలిగి, మా ఆటలోని గొంతుతో హుషారుగా పలికింది:

"మళ్ళీ వచ్చావా, అలసిన దేవకన్యా! రాక్షసుడు ఆకలితో ఉన్నాడు!"

"అయ్యో, నా ఫోనురా! పగలగొట్టావా?" అంటూ అత్తగారు వంగి తీసుకుంది.

బావమరిది నోరు తెరిచాడు. "అమ్మా! నువ్వా?"

"అత్తయ్యా, ఆ ఒక్క స్టారు మీరిచ్చిందా?" అన్నాను.

ఆవిడ సిగ్గుపడింది. "సొంత మనిషి పొగిడితే బాగోదని పేరు మార్చాను అల్లుడుగారూ."

"పొగిడారా?"

"మరి? ఫస్టు ర్యాంకు ఇచ్చాను కదా! కొంతమంది కుళ్ళుబోతులు అయిదో ర్యాంకు ఇస్తున్నారు. చూస్తే నా కడుపు తరుక్కుపోయింది."

బొమ్మలావిడ మెల్లగా అడిగింది: "మరి కుర్చీ సంగతేంటండీ?"

"బట్టల కొట్లో కౌంటరు వెనక నిలబడి ఈ ఇద్దరినీ పెంచానమ్మా. కొనేవాళ్ళకి కుర్చీలుండేవి, మాకుండేవి కావు. ఇప్పటికీ కాళ్ళు లాగుతాయి. నీ పిల్ల చక్కగా ఉంది. రాక్షసుడు సూప్ తాగేంతసేపైనా దాన్ని కూర్చోనివ్వకూడదూ?"

బొమ్మలావిడ నావైపు చూసింది. మాకిద్దరికీ ఏనాడూ తట్టని సంగతి. అక్కడే, మా భోజనాల బల్ల దగ్గరే కూర్చుని ఓ ముక్కాలిపీట గీసింది. ఆ వారంలోనే దాన్ని ఆటలో పెట్టాం. అతిథులు తింటున్నంతసేపూ పిల్ల దానిమీద కూర్చుని రెక్కలు సర్దుకుంటుంది. ఆ పీట కోసమే జనం ఆడడం మొదలుపెట్టారు. ఆట ఉంటుందని మేనేజరమ్మ ఫోన్ చేసి చెప్పింది.

అత్తగారి చేత స్టార్లు మార్పించడానికి మాత్రం మా ఆవిడ ఓ పూటంతా బతిమాలాల్సి వచ్చింది. "అల్లుణ్ణి నా చేత్తో అయిదో స్థానానికి దించమంటావా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చివరికి నొక్కింది కానీ, కింద ఓ వాక్యం చేర్చింది: "ఇంట్లోవాళ్ళ ఒత్తిడి వల్ల ఇస్తున్నాను."

బావమరిది మాత్రం ఆ తుమ్ము తన పరిశోధనా పద్ధతిలో భాగమేనని వీధిలో అందరికీ చెప్పుకున్నాడు. అవతలివాళ్ళు ముఖం తుడుచుకుంటూ విన్నారు.

నిన్న మధ్యాహ్నం కొత్త రివ్యూ ఒకటి వచ్చింది. "ఈ పిల్ల పనిమానేసి ఊరికే పీటెక్కి కూర్చుంటోంది. బద్ధకాన్ని ప్రోత్సహించే ఆట. ఒక్క స్టారు."

చదివి నిట్టూర్చాను. సోఫాలో అలికిడయింది.

"ఏంటి బావా, ఏదైనా కేసా?"

"ఏం లేదురా" అన్నాను, ఫోన్ జేబులో పెట్టేసుకుంటూ. "లోకమంతా ప్రశాంతంగా ఉంది. నువ్వు పడుకో."