కొలోసియం ముందు వంటావార్పు

ఆ ఉదయం గోప్యా పెట్టుకున్న పని ఒక్కటే: ఒక కాగితం మీద సంతకం చేసి పంపడం. కూతురు సుమ ఇటలీలో చదువుతోంది. రెండో ఏడాదికి హాస్టల్ గది ఇవ్వాలంటే తండ్రి సంతకం కావాలన్నారట. ఆ కాగితం ఆ రోజు మన లెక్కన సాయంత్రం అయిదింటి లోపల మెయిల్‌లో చేరకపోతే గది ఇంకొకరికి పోతుంది. గది లేకపోతే ఆ పిల్ల చదువు విడిచిపెట్టి ఇంటికి రావలసిందే. అందుకని గోప్యా రెండు పెన్నులు జేబులో పెట్టుకొని తండా నుంచి మరిపెడకు నడిచాడు. ఒకటి రాయకపోతే ఇంకొకటి ఉంటుందని రెండు. భార్య జమ్లీ నాలుగు జొన్నరొట్టెలు గుడ్డలో కట్టి ఇచ్చింది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బడులు బంద్, బస్సులు బంద్, మరిపెడ దుకాణాలన్నీ షట్టర్లు దించుకొని ఉన్నాయి. ఇంటర్నెట్ సెంటర్ వెంకట్రాం మాత్రం, చదువుకునే పిల్ల పని కదా అని, షట్టర్ సగం లేపి గోప్యాను వంగి లోపలికి రమ్మన్నాడు.

"జల్ది కానియ్యాలె గోప్యన్నా. కరెంటు ఎప్పుడు పోతదో తెల్వది."

మెయిల్ తెరిచారు. అందులో కాగితం లేదు, ఒక ఫొటో ఉంది. సుమ, ఇంకో నలుగురు పిల్లలు రోడ్డు మీద బాసింపట్లు వేసుకొని కూర్చున్నారు. మధ్యలో చిన్న పొయ్యి, దాని మీద గిన్నె. ఒక పిల్లవాడు గరిటె పైకెత్తి నవ్వుతున్నాడు. పక్కన ఇద్దరు పోలీసులు నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడ్డారు. వెనకాల గుండ్రటి పెద్ద కట్టడం, ఒక పక్క గోడలు కూలిపోయి ఉంది.

గోప్యా ఫొటో మీదికి వంగాడు. "సెలవులల్ల లైబ్రరీల కూసొని చదువుకుంటున్న అన్నది గద తమ్మీ! గీ పోలీసోళ్లేంది?"

వెంకట్రాం ఫొటో వంక, గోప్యా వంక చూశాడు. అతని కళ్లు పెద్దవయ్యాయి. "అన్నా! ఇది వంటావార్పు!"

వెంకట్రాంను ఏమనడానికీ లేదు. ఆ నెలలో మరిపెడలో ఎవరికి చూపించినా అదే మాట అనేవారు. రోడ్డుకడ్డంగా పొయ్యి పెట్టి, వండుకొని, అక్కడే తిని, తెలంగాణ ఇచ్చేదాకా లేవమని కూర్చోవడం అప్పటికి అందరికీ అలవాటైపోయిన పోరాటం. పోయిన ఆదివారం గోప్యా కూడా ఖమ్మం రోడ్డు మీద కూర్చొని రెండుసార్లు పప్పు పోయించుకున్నాడు. అక్కడ కూడా పోలీసులు సరిగ్గా ఇలాగే నిలబడ్డారు.

"మరి నా కాయితమేది?"

"కాయితం దొరుకుతది తియ్యన్నా!" అంటూ వెంకట్రాం ఫొటోను రంగుల్లో ప్రింట్ తీశాడు. ప్రింట్ బయటికి రావడం, కరెంటు పోవడం ఒకేసారి జరిగాయి. గోప్యా సుమకు ఫోన్ చేశాడు. అక్కడ ఇంకా బాగా తెల్లవారలేదు, ఎత్తలేదు.

పది నిమిషాల్లో ఫొటో, జనరేటర్ మీద మైకు నడుస్తున్న ఉద్యమ జేఏసీ శిబిరంలో రాజలింగు సారు చేతిలో ఉంది. ఆయన హైస్కూలు సారు. సమ్మెతో బడి మూతపడ్డ దగ్గర్నుంచి పాఠం చెప్పే గొంతంతా మైకుకే ఖర్చు చేస్తున్నాడు. ఫొటో చూడగానే మైకు అందుకున్నాడు. ఇక ఆగలేదు.

"మన మరిపెడ బిడ్డ! ఇటలీ అసెంబ్లీ ముంగట! పొయ్యి వెలిగిచ్చింది!"

చప్పట్లతో శిబిరం దద్దరిల్లింది. గోప్యా మెడలో దండ పడింది. అతన్ని రెక్క పట్టుకొని తీసుకుపోయి నిరాహార దీక్ష వరసలో మొదటి కుర్చీలో కూర్చోబెట్టారు.

"సారూ, నాకు జర పనున్నది. ఒక కాయితం అయిదింటి లోపట..."

"ఇయ్యాల నీకంటె పెద్ద మనిషి ఎవరున్నరు గోప్యా! కూసో!" అని రాజలింగు సారు భుజం నొక్కాడు. గోప్యా చేతిలోని రొట్టెల మూట ఎవరో మర్యాదగా తీసుకున్నారు. దీక్షలో ఉన్నవాడి చేతిలో రొట్టెలుంటే బాగుండదు కదా. కాసేపటికి వెంకట్రాం మూతి తుడుచుకుంటూ కనిపించాడు.

ఆ తర్వాత గోప్యా కనీవినీ ఎరగనివి విన్నాడు. పదింటికి ఫొటోలో అయిదుగురే ఉన్నారు. పదకొండుకు యాభై మంది అన్నారు, పన్నెండుకు అయిదువందలు. ఒంటిగంటకు, ఆ గోడలు మన పిల్లల తోపులాటలోనే కూలాయని తేలింది. గోప్యా పక్కకు తిరిగాడు. "అంత పెద్ద గోడనా? మా సుమనా? ఇంట్ల పొయ్యిరాయి జరుపుమంటెనే జరపకపోయేది!" అన్నాడు పక్క కుర్చీలో ఉన్నాయనతో. ఆయన చేతులెత్తి దండం పెట్టాడు.

రెండింటికి సుమను జైల్లో వేశారన్న కబురు తండాకు చేరింది. మూడు కాకముందే జమ్లీ ఇరవై మంది ఆడవాళ్లతో గుండె బాదుకుంటూ దిగింది.

"సంతకం జేసి రమ్మని పంపితె నా బిడ్డను జైల్ల పెట్టిచ్చినవా! నువ్వేమొ దండ ఏసుకొని కూసున్నవా!"

అదే సమయానికి మానుకోట నుంచి బైకు మీద ఫ్లెక్సీ వచ్చింది. ఊరంతా బంద్ అయినా ఫ్లెక్సీలు వేసేవాళ్లకు ఆ రోజుల్లో సమ్మె ఉండేది కాదు. గరిటె ఎత్తిన పిల్లవాడి నవ్వు బాగుందని అతన్నే నిలువెత్తున వేయించారు. సుమ ఓ మూలన బొటనవేలంత ఉంది. కింద 'గరిటె పట్టిన గండరగండడు' అని రాసి ఉంది. రాజలింగు సారు స్వయంగా దండ వేశాడు.

నాలుగు దాటాక గోప్యా ఫోన్ మోగింది. సుమ! అతను చెవికి పెట్టుకునేలోపే రాజలింగు సారు లాక్కొని, స్పీకర్ నొక్కి, మైకుకు ఆనించాడు. "వీరనారి మాట్లాడుతది! అందరు నిమ్మలంగ వినుండ్రి!"

సుమ ఇంట్లోవాళ్లతో ఎప్పుడూ మాట్లాడే లంబాడీలోనే మాట్లాడింది. ఆ మైకు గరగరలో ఊరివాళ్లకు ఒక్క ముక్క అర్థం కాలేదు. గొంతులో ఆవేశం మాత్రం వినిపించి ప్రతి మాటకూ చప్పట్లు కొట్టారు. గోప్యాకు, జమ్లీకి, తండా ఆడవాళ్లకు మాత్రం అంతా అర్థమైంది. ఆ పిల్ల చెప్పింది ఇదీ: 'నాన్నా, కాగితానికి బదులు దోస్తుకు పంపాల్సిన ఫొటో నీకు పంపాను. ఇప్పుడే నిద్ర లేచి చూసుకున్నాను, తిట్టకు. సెలవుల్లో లైబ్రరీకి పోలేదు, ఆరు ఊళ్లు తిరిగాం. హోటల్ తిండి మాతో కాదని రోమ్‌లో రోడ్డు మీదే పులిహోర కలుపుకున్నాం, పోలీసులు లేపేశారు. ఆ గరిటె పట్టినోడు కల్యాణ్, వాళ్లది ఆంధ్రా వైపు తెనాలి, వంట బాగా చేస్తాడు. అసలు కాగితం ఇప్పుడే పంపాను. ఇంకా నలభై నిమిషాలే ఉన్నాయి నాన్నా, నా గది పోతుంది!'

జమ్లీ ఏడుపు ఆపి మైకు దగ్గరికి పోయి, ఆ గోడలు ఎవరు కూలగొట్టారని లంబాడీలో అడిగింది. అది రెండు వేల ఏండ్ల నాటి కొలోసియం, ఎప్పుడో కూలింది అని సుమ అరిచింది. జనం మళ్లీ చప్పట్లు కొట్టారు. తండా ఆడవాళ్లు నవ్వు బయటపడకుండా కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

"ఏమన్నది గోప్యా? జనానికి తెలుగుల చెప్పు," అన్నాడు రాజలింగు సారు.

గోప్యా ఆయన చెవిలో ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆరు ఊళ్లు అన్నప్పుడు సారు ముఖం పాలిపోయింది. పులిహోర అన్నప్పుడు కుర్చీ పట్టుకున్నాడు. తెనాలి అన్నప్పుడు మాత్రం తలెత్తి, తాను వేసిన దండ వంక చూసి, కూలబడ్డాడు.

"గోప్యా, నీ కాళ్లు మొక్కుత. ఈ ముచ్చట మైకుల చెప్పకు."

పొద్దుటి నుంచి ఆయన నొక్కినప్పుడల్లా కూర్చున్న గోప్యా ఇప్పుడు లేచి నిలబడ్డాడు. "చెప్ప సారూ. గని నాకు కరెంటు గావాలె. గీ మైకు జనరేటర్ వెంకట్రాం దుకానంకాడికి రావాలె, ఇప్పుడే." అని మైకు అందుకున్నాడు. "మా బిడ్డ చెప్పిందేందంటె, నా సంతకం తోని ఒక కాయితం అయిదింటి లోపట ఇటలీకి చేరాలె! చేరకుంటె అంత ఆగమైతది!"

అందులో ఒక్క అబద్ధం లేదు. జనం హోరెత్తారు. జనరేటర్‌ను నలుగురు మోశారు, వెనక మూడువందల మంది ఊరేగింపుగా నడిచారు. షట్టర్ పూర్తిగా లేచింది, కంప్యూటర్ వెలిగింది, కాగితం బయటికి వచ్చింది. మొదటి పెన్ను రాయలేదు. రెండోది రాసింది. గోప్యా ఒక్కో అక్షరం రాస్తుంటే బయట జై తెలంగాణ అని అరిచారు. నాలుగూ యాభై రెండుకు స్కాన్ చేసిన కాగితం వెళ్లిపోయింది.

"అందింది నాన్నా, గది ఖాయం!" అంది సుమ ఫోన్‌లో. గోప్యా గోడకు ఆనుకొని కళ్లు తుడుచుకున్నాడు. లైబ్రరీ సంగతి అడుగుదామనుకున్నాడు, కోపం ఎంత వెతికినా దొరకలేదు.

"ఆ గుండ్రటిది మంచిగున్నదా బిడ్డా?" అన్నాడు.

తెనాలి కల్యాణ్ నిలువెత్తు ఫ్లెక్సీ మరిపెడ సెంటర్‌లో వానకు చినిగేదాకా ఉంది. మార్చకపోతే ఎందుకని జనం అడుగుతారని, దానికి రోజూ దండ మార్చింది రాజలింగు సారే.