సున్నా వోల్టుల ఉప్పు

నాగరికత అంటే ఏమిటని ఎవరైనా అడిగితే, ఒక ఎలుకకు చిటికెడు ఉప్పు పెట్టడానికి పదకొండు సంతకాలు కావలసి రావడమేనని ఢంకా బజాయించి చెప్పవచ్చు. ఆ లెక్కన మన పరిశోధకురాలు పనిచేసే సంస్థ లోకంలోకెల్లా నాగరికమైనది.

ఆమె అన్నయ్య చేతిగడియారాలు బాగుచేస్తాడు. మనసు ఒకనాడు ఆకాశానికెగిరి, మరునాడు పాతాళంలో పడే జబ్బు ఆయనది. లిథియం మాత్రల పుణ్యమా అని పన్నెండేళ్లుగా నేలమీదే ఉన్నాడు. అయితే ఈమధ్య వేళ్లు తిమ్మిరెక్కి, చిన్న మరలు జారిపోతున్నాయి.

"మాత్రల వల్లేనంటావా?" అని అడిగాడోసారి, బల్లకింద మర వెతుక్కుంటూ.

"తెలీదన్నయ్యా. తెలుసుకుంటా."

(దరఖాస్తులో 'మా అన్నయ్య వేళ్లు' అని రాస్తే తిరగ్గొట్టి, 'క్షీరదాల నాడుల పనితీరు' అని రాయించారు.)

ఇరవై నాలుగు ఎలుకలు వచ్చాయి. సగం ఎలుకలకు నీళ్లలో లిథియం ఉప్పు కలిపి ఇవ్వాలి, మిగతా వాటికి మామూలు నీళ్లు. తోక నరంలో కబురు ఎంత వేగంగా పరుగెత్తుతోందో వారంవారం కొలవాలి. అంతా సిద్ధమే. ఉప్పు సీసా మాత్రం గోదాములో తాళం వెనక ఉండిపోయింది.

"లిథియం అంటే మా జాబితాలో బ్యాటరీ, మేడమ్," అన్నాడు గోదాము గుమాస్తా. "అగ్నిమాపక విభాగం కాగితం తేవాలి."

"ఇది ఉప్పండీ బాబూ! సీసా చూడండి."

"చూశాను. సీసాలో ఏదుంటే మాకేంటి? జాబితాలో ఉన్నదే సరుకు."

అగ్నిమాపక అధికారి మర్యాదస్థుడు. కుర్చీ వేయించి ఫారం ముందు పెట్టాడు. మూడో గడిలో 'వోల్టులెన్ని?' అని ఉంది.

"దీనికి వోల్టులుండవండి."

"ఖాళీగా వదిలితే కంప్యూటర్ తీసుకోదమ్మా. ఏదో ఒక అంకె వేసెయ్యండి."

ఆమె నిజాయితీగా సున్నా వేసింది. కొంప మునిగింది. సున్నా వోల్టుల బ్యాటరీ అంటే చచ్చిన బ్యాటరీ. చచ్చిన బ్యాటరీ అంటే ప్రమాదకర వ్యర్థం. నాలుగో రోజున ముసుగులేసుకున్న ఇద్దరు మనుషులొచ్చి, ఉప్పు సీసాను ఇనప్పెట్టెలో పెట్టి, పాడె మోసినంత భక్తిగా మోసుకుపోయారు. (రసీదు ఇచ్చారు.)

కొత్త సీసా అడిగితే, పాతది ఎందుకు చచ్చిందో విచారణ సంఘం తేల్చాలన్నారు. సంఘానికి అధ్యక్షుడు బ్యాటరీల నిపుణుడు. ఆ చచ్చిన సీసాను ముందుగా తన కళ్లతో చూడాలన్నాడాయన.

కొలతలు మాత్రం ఆపకూడదని నిబంధన. మామూలు నీళ్లు తాగి ఎలుకలన్నీ నిగనిగలాడాయి. నరాల్లో కబుర్లు గుర్రాల్లా దౌడు తీశాయి. ఏడాది చివర డైరెక్టర్‌గారు నివేదిక విడుదల చేశారు: 'లిథియం పరిశోధనలోని ఎలుకల్లో ఒక్కదానికీ నరాల హాని కనబడలేదు.'

ఆమె పరుగున వెళ్లింది. "సార్, అసలు లిథియమే ఇవ్వలేదు!"

"ఇచ్చామని నేనెక్కడ రాశానమ్మా?" అన్నారాయన చల్లగా.

ఆ వాక్యం ఆసుపత్రి దాకా పోయింది. "పరిశోధనలో తేలిపోయింది. అంతా మీ అనుమానం," అని అన్నయ్యను వైద్యుడు పంపించేశాడు.

చెల్లెలికి ఒళ్లు మండింది. మర్నాడే అన్నయ్యను ప్రయోగశాలకు తీసుకొచ్చి, ఎలుకల నరాలు కొలిచే యంత్రం ముందు కూర్చోబెట్టింది. 'జంతువు' అన్న గడి 'ఎలుక' తప్ప ఇంకేదీ తీసుకోలేదు.

"వేసెయ్ చెల్లాయ్, నాకేం నామోషీ లేదు," అని చెయ్యి చాపాడు అన్నయ్య.

బరువు డెబ్బై కిలోలని వేసింది. 'సరిచూసుకున్నారా?' అని కంప్యూటర్ అడిగింది. చూసుకున్నామని నొక్కింది.

అన్నయ్య చేతి నరంలో కబురు కుంటుతూ నడిచింది. ఆ అంకెలు చూశాక వైద్యుడు ఇక అనుమానమనలేదు. రక్తం పరీక్షించి, మాత్రల మోతాదు తగ్గించాడు. రెండు నెలల్లో అన్నయ్య వేళ్లకు కాస్త పట్టు వచ్చింది.

సంస్థ కూడా ఊరుకోలేదు. అనుమతి లేని ఇరవై ఐదో ఎలుక కొలతను కొట్టివేస్తూ, సదరు డెబ్బై కిలోల ఎలుక ఎక్కడ కనబడినా బోను పెట్టి పట్టుకోవలసిందిగా అన్ని విభాగాలకూ ఉత్తర్వులు పంపింది.